తినడం రాని పిల్లను మనకు అంటగడుతున్నారు

పక్షుల దుకాణాల్లో ఇప్పుడు చిలుక జాతి పిల్లను ఒక్కదాన్నే ఇవ్వడం లేదు, సెట్టు కట్టి ఇస్తున్నారు. చిన్న ప్లాస్టిక్ బుట్ట, అందులో పేపరు ముక్కలు, వాటి మధ్య ఇంకా ఈకలు సరిగా విచ్చుకోని కాక్‌టెయిల్ (కాకటీల్) పిల్లో సన్ కన్యూర్ పిల్లో, పక్కన ఒక సిరంజి, కవర్లో కట్టిన ఫార్ములా పొడి, అంటే నీళ్లలో కలిపి పిల్లకు పట్టే మేత. హైదరాబాద్ ముర్గీ చౌక్ లాంటి పాత బజార్లకు వెళ్లే ఓపిక లేనివాళ్లకు ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో చూపించి బస్సు పార్శిల్లో పంపేవాళ్లూ ఉన్నారు. "రోజుకి నాలుగుసార్లు పట్టండి, మీ చేత్తో తింటే మిమ్మల్నే అమ్మానాన్నలనుకుంటుంది" అన్న మాట మాత్రం అందరి దగ్గరా ఒకటే. కొన్నవాళ్ల ఇంట్లో మొదటి రెండు రోజులు వీడియోలు తీస్తారు. మూడో రోజో నాలుగో రోజో రాత్రి పది దాటాక నాలాంటి వాళ్లకు ఫోన్ వస్తుంది, "అక్కా, పిల్ల నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది, ఏం చెయ్యాలి?"

చాలా ఏళ్లుగా కాక్‌టెయిల్స్ పెంచుతున్నాను కాబట్టి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు అడుగుతుంటారు. నేను డాక్టర్ని కాదు. కానీ ఇన్ని ఫోన్లు ఎత్తాక నాకొక అభిప్రాయం గట్టిగా ఏర్పడింది. ఈ చావుల్లో ఎక్కువ భాగం కొన్నవాళ్ల చేతగానితనం వల్ల రావడం లేదు, సొంతంగా తినడం రాని పిల్లను మామూలు ఇంటికి అమ్మిన రోజునే మొదలవుతున్నాయి. ఆ పిల్లను కొనకండి అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఇప్పటికే ఇంట్లో పిల్ల ఉన్నవాళ్లకు మాత్రం ఈ అభిప్రాయం కన్నా మధ్యలో చెప్పే విషయాలే ఎక్కువ అవసరం.

అసలు గూట్లో ఏం జరుగుతుందో చూడండి. చిలుక జాతి పక్షుల ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. తల్లీ తండ్రీ తాము తిన్నది కాస్త మెత్తబడ్డాక అదే వేడితో, పిల్ల నోట్లోకి, పిల్ల అడిగినంత మేరకే కక్కుతాయి. ఒళ్లు చల్లబడకుండా పైన కూర్చుంటాయి. మనం దీనికి బదులు ఒక సిరంజి, ఒక పొడి, ఒక బల్బు పెట్టి అదే పని చేయాలనుకుంటున్నాం, అదీ ఆఫీసు టైముల మధ్య. వేడి, చిక్కదనం, కొలత, వేగం, పిల్ల ఉన్న చోటి వెచ్చదనం, ఈ ఐదింటిలో ఏ ఒక్కటి తప్పినా పిల్లకు ప్రాణం మీదికి వస్తుంది. బాగా చేసే బ్రీడర్లు లేకపోలేదు. వాళ్లను అడిగితే చేతిలో పిల్లలు పోయి పోయి నేర్చుకున్నామనే చెబుతారు. ఆ నేర్చుకోవడం ఇప్పుడు మన హాల్లో, మన పిల్లల ముందు జరుగుతోంది.

అన్నింటికన్నా భయపెట్టేది మేత ఊపిరి గొట్టంలోకి పోవడం. పక్షి నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లో చిన్న చీలిక ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది, అదే గాలి దారి. మనకున్నట్టు దాని మీద మూత ఉండదు. పిల్లకు నిజంగా ఆకలేసినప్పుడు తల పైకీ కిందకీ గబగబా ఊపుతుంది, ఆ ఊపులో ఉన్నంతసేపు గాలి దారి మూసుకుని మేత గొంతులోకి జారుతుంది. ఊపు ఆగిన క్షణంలో మన వేలు సిరంజిని నొక్కుతూనే ఉంటే, లేదా తినను అని తల తిప్పుకుంటున్న పిల్ల ముక్కును రెండు వేళ్లతో పట్టి పోస్తే, మేత నేరుగా ఊపిరితిత్తుల వైపు వెళ్తుంది. ఎక్కువ పోతే ఒకటి రెండు నిమిషాల్లో చేతిలోనే పోతుంది. కొంచెం పోతే ఇంకా మోసం, ఎందుకంటే ఒకసారి గుటకేసి, ముక్కులోంచి బుడగలు వచ్చి, తుడిచాక బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మర్నాడో ఆ మర్నాడో న్యుమోనియా బయటపడుతుంది. ఊపిరి తీసిన ప్రతిసారీ తోక కిందికీ పైకీ ఊగుతుంది, ఊపిరిలో టిక్ టిక్ మని చిన్న చప్పుడు వస్తుంది, మేత వద్దంటుంది.

అలా జరిగితే ఇంట్లో చేయగలిగింది చాలా తక్కువ. వెంటనే సిరంజి పక్కన పెట్టేయాలి, నోటి చుట్టూ ముక్కు దగ్గర ఉన్నది మెత్తని గుడ్డతో తుడవాలి, వెచ్చగా చీకటిగా ఉన్న పెట్టెలో ఉంచి డాక్టర్ దగ్గరికి బయల్దేరాలి. "గొంతులో అడ్డం పడింది, నీళ్లు పట్టు" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, మనుషులకు అలవాటైన సలహా అది. దయచేసి పట్టకండి. పక్షికి మనలా గట్టిగా దగ్గి బయటికి తోసే శక్తి లేదు, ఆ నీళ్లు కూడా అదే దారిన పోతాయి. ఇక ముందుజాగ్రత్త అంటే, పిల్లను నిలువుగా కూర్చోబెట్టి, దాని ముక్కుకు ఎడమ పక్క నుంచి కుడి వైపుకు సిరంజి ఏటవాలుగా పెట్టాలి, ఎందుకంటే మేత గొట్టం మెడలో కుడి పక్కన ఉంటుంది. తల ఊపుతున్నప్పుడే నొక్కాలి. ఊపకపోతే ఆ పూట పట్టకూడదు, ఎందుకు ఊపడం లేదో చూడాలి. పిల్ల చల్లబడిందా, మేత చల్లారిందా, జబ్బు చేసిందా, లేక తినే వయసొచ్చి సిరంజి వద్దంటోందా. కారణం ఏదైనా, బలవంతంగా పోయడం దానికి మందు కాదు.

మేత వేడి గురించి దుకాణాల్లో చెప్పేది "గోరువెచ్చగా" అని. ఎంత గోరువెచ్చన? వేలు పెట్టి చూసుకుంటారు. మనం హాయిగా తాగే టీ యాభై ఐదు, అరవై డిగ్రీల దగ్గర ఉంటుంది, మన నోటికి, వేలికి ఆ వేడి అలవాటు. పిల్ల మేత 39 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలి, 43 దాటితే దాని క్రాప్ కాలడం మొదలవుతుంది. క్రాప్ అంటే మెడ కింద, రొమ్ము పైన, తిన్నది ముందుగా చేరే సంచి, దాని గోడ కాగితమంత పలచన. ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ఫారెన్‌హీట్‌లో ఉంటుంది కదా, అలాంటిదే ఒకటి పిల్ల కోసం విడిగా కొని మేతలో పెడితే 102కీ 106కీ మధ్య చూపించాలి. వంద నూటయాభై రూపాయల వస్తువు. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే పైన గోరువెచ్చగా, మధ్యలో సలసలమంటూ ఉంటుంది కాబట్టి దాని జోలికి పోకుండా, మేత గ్లాసును వేడినీళ్ల గిన్నెలో పెట్టి బాగా కలపడం మేలు.

ఈ కాలిన గాయంతో వచ్చే తంటా ఏమిటంటే అది ఆ రోజు కనపడదు. పిల్ల ఒకట్రెండు పూటలు తిండి తగ్గిస్తుంది, క్రాప్ మీద చర్మం ఎర్రగా, కాస్త ఉబ్బుగా ఉంటుంది, ఈకల మొలకల మధ్య ఎవరూ గమనించరు. వారం తిరిగేసరికి అక్కడ నల్లటి పక్కు కట్టి, అది ఊడి, పట్టిన మేత ఛాతీ మీంచి బయటికి కారుతుంది. ఒకావిడ పంపిన ఫొటోలో పిల్ల రొమ్ము ముందు ఈకలన్నీ తడిసి అట్ట కట్టి ఉన్నాయి, ఆవిడ మేత ఒలికిందనుకుని రోజూ తుడుస్తూ ఉంది. ఈకలు పక్కకి తీసి చూడమంటే శనగగింజంత రంధ్రం. దీనికి ఆపరేషన్ చేసి కుట్టాల్సిందే, ఇంట్లో పసుపు అద్దితే మానేది కాదు. పైగా డాక్టర్లు చాలాసార్లు వెంటనే కుట్టరు, కాలిన భాగం ఏదో మంచి భాగం ఏదో విడిగా తేలేదాకా కొన్ని రోజులు ఆగుతారు. ఆ ఆగడం చూసి "పట్టించుకోవడం లేదు" అని ఇంకో డాక్టర్ దగ్గరికి పరిగెత్తకండి.

క్రాప్‌లోని మేత కిందికి దిగకపోవడం మూడోది, నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది దీనికే. మా కింది ఫ్లాట్లో డిగ్రీ చదివే అబ్బాయి ఒక రాత్రి బుట్టతో సహా వచ్చాడు. "అక్కా, పొద్దున్న పట్టిందే ఇంకా ఉంది, అయినా ఆకలి ఆకలి అని అరుస్తోంది, ఇంకో ఐదు ఎంఎల్ పట్టనా?" పిల్లను చేతిలోకి తీసుకుంటే ఒళ్లు చల్లగా తగిలింది. క్రాప్ నిండుగా ఉంది కానీ నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోయింది, నోటి దగ్గర పులిసిన అట్ల పిండి వాసన. ఏమైందని అడిగితే బల్బు మాడిపోయిందట, ఇంట్లో ఏసీ నడుస్తోంది, దుకాణం అతనికి ఫోన్ చేస్తే వాము నీళ్లు పట్టమన్నాడట.

ఇక్కడ జరిగేది ఇది. పిల్ల చల్లబడితే అరుగుదల ఆగిపోతుంది. అరగని మేత ఆ తడి సంచిలో పులుస్తుంది, అందులో ఈస్టు, బాక్టీరియా పెరుగుతాయి. కింది పేగులకు ఏమీ అందదు కాబట్టి పిల్ల ఆకలితోనే అరుస్తుంది, మనం జాలిపడి పాత మేత మీద కొత్త మేత పోస్తాం, సమస్య రెట్టింపవుతుంది. అందుకే మొదటి పని మేత ఆపడం, రెండో పని వెచ్చబెట్టడం. చల్లగా ఉన్న పిల్లకు మేత గానీ నీళ్లు గానీ పట్టనే కూడదు. ఆ రాత్రి చేసిందల్లా అట్టపెట్టెలో టవల్ చుట్టిన వేడినీళ్ల సీసా ఒక పక్కన పెట్టి, వేడెక్కువైతే పిల్ల పక్కకి జరగడానికి చోటు వదిలి, లోపల థర్మామీటర్ వేసి 32 దగ్గర ఉండేలా చూసుకుంటూ తెల్లవార్లూ సీసా మార్చడమే. పొద్దున్నే డాక్టర్ సన్నని గొట్టంతో క్రాప్ కడిగి, ఆ నీటిని మైక్రోస్కోప్ కింద చూసి ఈస్టుకు మందు రాశాడు. ఆ పిల్ల బతికింది. ఇలా వచ్చిన పిల్లలన్నీ బతకలేదు, ఇంట్లోనే క్రాప్‌ను పైకి పిండి కక్కించబోయినవైతే ఒక్కటీ బతకలేదు, ఎందుకంటే పిండినప్పుడు పైకొచ్చిన మేత మళ్లీ ఆ గాలి దారిలోకే పోతుంది.

ఎంత వెచ్చగా ఉండాలన్నది వయసును బట్టి మారుతుంది. గుడ్డులోంచి అప్పుడే వచ్చినవాటికి 36 దాకా కావాలి, ఈకల మొలకలు వచ్చాక 30 చుట్టుపక్కల, ఒళ్లంతా ఈకలు కప్పుకున్నాక 25 చాలు. మన మే నెలలో లెక్క తిరగబడుతుంది. బయట 44 ఉన్నప్పుడు బల్బు వేసిన మూత పెట్టెలో పిల్ల ఉడికిపోతుంది, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి నోరు తెరిచి రొప్పుతుంది, చర్మం ఎర్రబడి ముడతలు పడుతుంది. బల్బు ఆరినా తెలియాలి, పెట్టె వేడెక్కినా తెలియాలి అంటే లోపల థర్మామీటర్ ఉండాల్సిందే. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఆ ప్లగ్గు ఉందో లేదో ముందే చూసుకోండి.

పిల్లకు ఏం పడుతున్నారన్నది ఇంకో గొడవ. ఫార్ములా అయిపోతే పసిపిల్లల సెరిలాక్ పట్టమంటారు, శనగపిండి జారుగా కలిపి పట్టమంటారు. పాల పదార్థం పక్షులకు అరగదు, పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ వాటికి లేదు. శనగపిండితో నెల రోజులు పెరిగిన పిల్లకు కాల్షియం అందక కాళ్లు దొడ్డిగా వంగి ఉంటాయి, ఎముకలు చేత్తో గట్టిగా పట్టుకుంటేనే విరిగేలా తయారవుతాయి. సిరంజి చివర మెత్తటి రబ్బరు గొట్టం తగిలించి ఇచ్చే దుకాణాలు ఇంకా దారుణం. ఆ గొట్టం ఊడి పిల్ల మింగేస్తుంది. అలా జరిగితే అదే బయటికి వస్తుందని ఎదురు చూడొద్దు, ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. ఒకసారి ఎంత పట్టాలి అంటే పిల్ల బరువులో పదో వంతు, 80 గ్రాముల పిల్లకు 8 ఎంఎల్, అంతకు మించితే నిండిన మేత నోట్లోకి ఎగదన్ని మళ్లీ ఊపిరిలో పడుతుంది. బరువు తెలియాలంటే గ్రాముల్లో తూచే కిచెన్ తక్కెడ కావాలి. రోజూ పొద్దున్న మొదటి మేతకు ముందు తూచి రాసుకుంటే జబ్బు కంటికి కనిపించడానికి ఒకరోజు ముందే అంకెల్లో తెలుస్తుంది. పిల్లను పట్టుకున్న ప్రతిసారీ ముందూ వెనకా చేతులు సబ్బుతో కడుక్కోండి. చిలుకల నుంచి మనుషులకు అంటుకునే సిట్టకోసిస్ అనే జబ్బు ఉంది, రోజుల తరబడి జ్వరం, దగ్గు తగ్గకపోతే ఇంట్లో పక్షి ఉందని మీ డాక్టర్‌కు చెప్పండి.

అరుపులూ హడావుడీ ఏమీ లేకుండా చంపేది ఇంకొకటుంది. "ఇది సెల్ఫ్ అయిపోయింది", అంటే సొంతంగా తింటోంది, అని చెప్పి అమ్మిన పిల్ల. కొర్రలు వేసిన గిన్నె ముందు కూర్చుని రోజంతా ముక్కుతో గింజలు తీస్తుంది, కొరుకుతుంది, కింద పడేస్తుంది. గిన్నెలో పొట్టు కనిపిస్తుంది కాబట్టి తింటోందనుకుంటాం. తీరా గింజలు కూడా ఆ పొట్టులోనే ఉంటాయి. రొమ్ము మీద వేలు పెట్టి చూస్తే మధ్య ఎముక కత్తి అంచులా తగులుతుంది. ఇది ఆకలి చావు, గిన్నె నిండా గింజలు ఉండగానే. కాక్‌టెయిల్ పూర్తిగా సొంతంగా తినడానికి ఏడెనిమిది వారాలు, కొన్నిటికి పది పడుతుంది, ఆఫ్రికన్ గ్రేకి మూడు నాలుగు నెలలు, పెద్ద మకావ్‌లకు ఇంకా ఎక్కువ. అమ్మేవాళ్లు చెప్పే "నెల పిల్ల, సెల్ఫ్" అన్నది కాక్‌టెయిల్ విషయంలో కూడా నమ్మదగ్గ మాట కాదు.

వీటిలో దేనికైనా డాక్టర్ కావాలి, అసలు చిక్కు అక్కడే. కుక్కలకూ పిల్లులకూ వీధికో క్లినిక్ ఉంది, పక్షి పిల్ల క్రాప్ కడగడం వచ్చిన డాక్టర్లు మన ఊళ్లలో చాలా తక్కువ. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి, ఆంధ్రాలో తిరుపతి, గన్నవరం కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి. అవి కూడా రాత్రి పదకొండుకు ఏం చేస్తాయో పిల్లను తెచ్చుకోకముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. మిగతా జిల్లాల్లో ఉన్నవాళ్లకు మూడు గంటల ప్రయాణం. ముప్పై నలభై గంటలు టైమిచ్చే జబ్బులైతే ఫర్వాలేదు. వీటిలో చాలావరకు అంత టైమివ్వవు. అమ్మేవాడికి ఇదంతా తెలుసు, అయినా సిరంజి చేతిలో పెడతాడు.

ఎందుకు పెడతాడు అంటే "చేత్తో పెడితేనే మాలిమి" అన్న నమ్మకం మనలో ఉంది కాబట్టి. అది అర్ధసత్యం. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ పరిశోధకులు అమెజాన్ చిలుకల మీద పని చేసి 1999లో ఒక పేపర్ రాశారు. పిల్లలను తల్లిదండ్రుల దగ్గరే ఉంచి, రోజూ కాసేపు మాత్రం చేతిలోకి తీసుకుని నిమిరితే అవి మనిషికి బాగానే మాలిమి అయ్యాయి. అంటే పనిచేసేది చేతి స్పర్శ, సిరంజి కాదు. నా దగ్గర ఉన్నవాటిలో గూట్లోనే పెరిగి, తినడం వచ్చాకే చేతికి అలవాటైనవే ఎక్కువ. భుజమ్మీద కూర్చుని చెవి పోగు పీకడంలో అవి ఎవరికీ తీసిపోవు. నెదర్లాండ్స్‌లో 2014 నుంచి, చిలుక పిల్లలను సొంతంగా తినడం రాకముందు తల్లిదండ్రుల నుంచి విడదీయడాన్నే చట్టం నిషేధించింది. అక్కడ చిలుకలు పెంచుకోవడం ఆగిపోలేదు. మన దగ్గర 2018 పెట్ షాప్ రూల్స్ ప్రకారం ప్రతి దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి. ఈసారి వెళ్లినప్పుడు ఆ సర్టిఫికెట్ చూపించమని అడిగి చూడండి, మొహం ఎలా మారుతుందో.

బ్రీడర్లు ఒక మాట అంటారు, అందులో నిజం ఉంది. కొన్ని జతలు పిల్లలను పొడిచి చంపుతాయి, కొన్ని మేత మానేస్తాయి, అలాంటప్పుడు చేత్తో పెంచక తప్పదు. ఒప్పుకుంటాను. కానీ ఆ పని చేయాల్సింది ఆ బ్రీడరే, తినడం వచ్చేదాకా. గాలివానకు చెట్టు తొర్రలోంచి పడిన రామచిలుక పిల్ల దొరికితే అది వేరే సంగతి, దాన్ని వీలైతే తొర్రలో తిరిగి పెట్టాలి, లేదంటే వెచ్చగా పెట్టి అటవీ శాఖకు ఫోన్ చేయాలి. 1972 వన్యప్రాణి చట్టం కింద మన రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరమే, బజార్లో బుట్టల్లో అమ్మే పచ్చ పిల్లలకు కూడా అదే చట్టం.

ఇక చివరికి అందరూ వచ్చి ఆగేది డబ్బు దగ్గర. తినడం వచ్చిన పిల్ల ఖరీదు ఎక్కువ, సిరంజి పిల్ల చవక. ఆ తేడా ఊరికే రాలేదు, ఆ నాలుగైదు వారాల ఫార్ములా, కరెంటు, రాత్రి నిద్ర, మధ్యలో పోయిన పిల్లల నష్టం, ఇవన్నీ బ్రీడర్ తన మీంచి తీసి మీ మీద వేస్తేనే ఆ ధరకు వస్తోంది. ఒక్కసారి క్రాప్ కడిగించి మందులు కొంటే ఆ మిగులు ఏ మూలకూ రాదు. నచ్చిన పిల్ల కనిపిస్తే అడ్వాన్స్ ఇచ్చి అక్కడే ఉంచమనండి. వారానికోసారి వెళ్లి చేతిలోకి తీసుకుని ఆడించి రండి, మీకు అలవాటవుతుంది కూడా. సిరంజి పూర్తిగా ఆపేశాక వారం రోజుల బరువులు రాసి చూపించమని అడగండి, మీ కళ్ల ముందు గిన్నెలోంచి తిని క్రాప్ నిండితేనే మిగతా డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకోండి. "అంత ఓపిక ఉంటే ఇంకో చోట చూసుకోండి మేడం" అంటే, చూసుకోండి.